బోణీ కాకముందు ‘బ్లాక్’ నొక్కరాదు

మా దుకాణంలో బోణీ అయ్యేదాకా ‘లేదు’ అనే మాట లేదు. ఒక్క వాక్యంలో రెండుసార్లు అనేశావు కదా అని మీరు నవ్వితే నవ్వండి. మా బాపు బతికుంటే ఈ వాక్యాన్ని మధ్యాహ్నం దాటాకే రాయనిచ్చేవాడు.

చార్మినార్ వెనక సందులో మాది మూడు తరాల గాజుల దుకాణం. పొద్దున మొదటి గిరాకీ వచ్చి, గాజులు తొడుక్కుని, పైసలు చేతిలో పెట్టి, వాటిని నేను కళ్లకద్దుకునేదాకా కాదు, లేదు, వద్దు అనే ముగ్గురు అప్పచెల్లెళ్లు నోటి గడప దాటకూడదు. అడిగిన సైజు అయిపోతే ‘నిండుకుంది’ అనాలి. దీపం ఆరితే ‘కొండెక్కింది’ అనాలి. సాయంత్రం దుకాణాన్ని కూడా మూయం, ‘బఢాయిస్తాం’. అంటే పెంచుతాం. ముప్పై ఏళ్లుగా రోజూ పెంచుతున్నా అది ఎనిమిదడుగుల వెడల్పు దగ్గరే ఆగిపోయింది, అది వేరే బాధ.

బాపు పోయాక చేతికి ఫోన్ వచ్చింది. బోణీకి ముందు ఖాళీగా కూర్చునే వేళ రాశిఫలాలు చూడడం మొదలుపెట్టాను. పేజీ తెరవగానే అది నన్నడిగేది: ‘మీకు కబుర్లు పంపమంటారా?’ కింద రెండు గడులు. ఒకటి అలవ్, ఒకటి బ్లాక్. పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి మర్యాదగా అడిగినవాణ్ణి పొమ్మంటామా? పైగా నేను ఫోన్ ఎత్తితే ‘అలో’ అనే తరంవాణ్ణి. అలవ్ నొక్కేవాణ్ణి. వంటల పేజీ అడిగింది, అలవ్. వెండి ధరల పేజీ అడిగింది, అలవ్. మోకాళ్ల నొప్పుల పేజీ అడిగింది, అలవ్. ఇలా నాలుగేళ్లు. ఇప్పుడు నా ఫోన్‌లో యాడ చూసినా యాడే. అది బ్రౌజర్ కాదు, బజార్. మా సందులో ఆదివారం కూడా అంతమంది ఒకేసారి అరవరు.

అరిస్తే అరిచారు, నా ఫోన్, నా చెవులు అనుకున్నాను, మొన్న బుధవారం దాకా.

ఆ బుధవారం తెల్లవారి నుంచీ వాన. కొత్తగా వచ్చిన ఆషాఢం, పెళ్లిళ్లు లేవు, పెళ్లిళ్లు లేక గాజుల గలగల లేదు, ఉన్న గలగలంతా రేకుల మీద వానదే. కరెంటు పోయి గంటన్నర. పదకొండూ ముప్పావు అవుతున్నా బోణీ కాలేదు. అప్పుడు మా అమ్మాయి శ్రీహిత, చున్నీ కింద ప్లాస్టిక్ ఫైలు దాచుకుని, తడిసిన పిచ్చుకలా దుకాణంలోకి దూరింది.

“డాడీ, నీ ఫోన్ ఇయ్యి జల్దీ. ఒంటిగంటకు బందైతది.”

“బోణీ కాకముందు బంద్ గింద్ అనకు బిడ్డా. ఒంటిగంటకు ఏం పెరుగుతదో చెప్పు.”

“నా బీపీ.”

సంగతి ఏమిటంటే, శ్రీహితకు పశువైద్యం కోర్సులో సీటు వచ్చింది. వచ్చింది అంటే ఇంకా రాలేదు. జాబితాలో పేరు వచ్చాక, ‘నేను చేరుతున్నాను’ అని ఆన్‌లైన్‌లో నొక్కి చెబితేనే సీటు మనది. చెప్పకపోతే ఒంటిగంట దాటిన మరుక్షణం జాబితాలో తర్వాతివాళ్లది. ఆదివారం జాబితా వచ్చింది. సోమవారం నొక్కుదామంటే అమావాస్య అని మా అమ్మ నాగమణమ్మ అడ్డం పడింది. మంగళవారం నొక్కుదామంటే మంగళవారం, అందులోనూ పాడ్యమి. చివరికి మిగిలింది ఈ బుధవారం, అందులో ఈ గంటా పావు. శ్రీహిత సొంత ఫోన్ నిన్న ఆటో దిగుతుంటే గుంటలో పడి, ఇంట్లో బియ్యం డబ్బాలో అన్నప్రాశన చేసుకుంటోంది. సందు చివరి నెట్ సెంటర్‌కి వెళితే కరెంటు లేక షటరు దించి ఉందట. పైగా లాగిన్ అయ్యే అంకెలు వచ్చేది నా నంబరుకే. అందుకని నా ఫోన్ దగ్గరికి వచ్చింది. దాహమైనవాడు సముద్రం దగ్గరికి వచ్చినట్టు.

గాజుల బల్ల మీద కూర్చుని అమ్మాయి సైటు పేరు కొట్టడం మొదలుపెట్టింది. మూడక్షరాలు కొట్టిందో లేదో పైనుంచి ఒక పట్టీ జారింది: ‘అభినందనలు! మీరు గెలిచారు!’ కొడుతున్న వేలు దాని మీద పడింది. పేక ముక్కల పేజీ తెరుచుకుంది. అమ్మాయి వెనక్కి నొక్కింది. అదే పేజీ. మళ్లీ వెనక్కి. ఈసారి బట్టతల మీద నూనె. మళ్లీ వెనక్కి. ‘జల్‌పల్లిలో ప్లాట్లు’ అని. పేరులోనే జలం ఉంది, ఈ వానకు ప్లాటు కొంటే పడవ కూడా కొనాలి. మళ్లీ వెనక్కి నొక్కితే మళ్లీ పేక ముక్కలు. వెనక్కి తిప్పితే ముందుకు పోయే బండిని నేను చాంద్రాయణగుట్ట చౌరస్తాలో కూడా చూడలేదు.

“డాడీ, గిదేంది? నూట నలభై సైట్లకు పర్మిషన్ ఇచ్చినవ్!”

“అడిగిన్రు, ఇచ్చిన.”

“అడిగితే ఇస్తవా? నేను స్కూటీ అడిగితే ఇయ్యలె!”

“నువ్వు బోణీ అయినంక అడిగినవ్.”

అమ్మాయి నన్ను చూసిన చూపుకు షోకేసులో గాజులు చిట్లలేదంటే అవి మంచి సరుకే.

“సరే, రెండు నిమిషాల పని. ఇవన్నీ బ్లాక్ చేస్త.”

నేను ఫోన్ లాక్కున్నాను. “బోణీ కాలె శ్రీహితా.”

“డాడీ!”

“మీ తాత పోతూ పోతూ చెప్పిన మాట. దుకాణంల పొద్దుగాల ఎవ్వరినీ వద్దనొద్దని.”

“నువ్విప్పుడు వద్దన్నవ్.”

“అది తాత అన్నది. నేను అంటలేను.”

“పోనీ ‘డు నాట్ డిస్టర్బ్’ పెడ్త. ఎవ్వల్ని కాదనం, జర సేపు సప్పుడు చెయ్యరు, గంతే.”

“అండ్ల ‘నాట్’ ఉన్నది.”

“అయితే ఫోన్ పట్కొని సందులకు పోయి చేస్త. దుకాణంల గాదు గద.”

“ఫోన్ యాడికి పోయినా దుకాణమే బిడ్డా. ఇప్పుడు గల్లా పెట్టె గూడ అండ్లనే ఉన్నది.”

శ్రీహిత ఫైలును ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించింది. ఈ పిల్ల గొంతు పెంచితే నాకు భయం లేదు, ఆ విద్య నాదే. తగ్గిస్తేనే భయం.

“డాడీ, ఈ పరీక్ష రెండుసార్లు రాసిన. మొదటిసారి రాలె, ఏడాదంత ఇంట్ల కూసోని మళ్ల చదివిన. నా ఎనుక మూడువందల మంది నిలవడ్డరు. ఒంటిగంట మీద ఒక్క నిమిషమైతే నా సీటు వాళ్లల్ల ఒకలది. ఇంకోసారి నేను రాయ.”

పన్నెండూ ఐదు.

“బోణీ చేస్కొస్త, ఆగు,” అని నెత్తిన గోనెపట్టా వేసుకుని సందులోకి దూకాను.

దుకాణదారుడు గిరాకీ కోసం వానలో పరుగెత్తడం మా వంశంలో నేనే మొదలు. సందులో ఉన్న మనిషి ఒక్కడే: డానియేలు, కరెంటు డిపార్టుమెంటు లైన్‌మన్, స్తంభానికి నిచ్చెన వేసుకుని పైన ఉన్నాడు.

“డానియేలు భాయ్! ఒక డజను గాజులు తీస్కో!”

“రామలింగమన్నా, స్తంభం మీదున్న! గాజులేస్కొని లైను పట్టుకోవాల్నా?”

“నీకు గాదయ్యా, మీ ఆమెకు!”

“మా ఆమె నర్సు. డ్యూటీల గాజులు వద్దంటరు.”

“ఆ మాట అనకు!”

“ఏ మాట? నర్సు అనా?”

“కరెంటు ఎప్పుడొస్తది?”

“నువ్వు కింద లొల్లి బంద్ చేస్తే వస్తది. నీకు పైసలే గావాలంటే జేబుల ఇరవై రూపాయలున్నయి, ఎక్కొచ్చి తీస్కో.”

ఊరికే ఇచ్చిన పైసలు బోణీ కావు. వస్తువు ఇటు నుంచి అటు పోవాలి, పైసలు అటు నుంచి ఇటు రావాలి. తల కూడా తడిసి, ఆలోచన కూడా తడిసి వెనక్కి వచ్చాను. దేవుడు మాత్రం పొడిగానే ఉన్నట్టున్నాడు. దుకాణం అరుగు మీద ఒక పెద్దావిడ గొడుగు విదిలిస్తూ నిలబడి ఉంది. అరవై ఏళ్లుంటాయి, చేతికి నార సంచి.

“రా అమ్మా, రా, కూసో!” అన్నాను. కాళ్లు కడిగేవాణ్ణే, వాన ముందే కడిగింది.

“నా పేరు మాణిక్యమ్మ. జల్‌పల్లి నుంచొచ్చిన. వాన తగ్గినంక పోత. గాజులు సూపియ్యి గని, కొంటనో ఏమో సెప్పలేను.”

సూటిగా చెప్పే మనిషి. పచ్చ గాజులు తీశాను. చిలకపచ్చ కాదు, తమలపాకు పచ్చ కావాలంది. తమలపాకు పచ్చ తీస్తే, ఇది లేత ఆకు, నాకు ముదురాకు కావాలంది. నిచ్చెన ఎక్కి పై అర నుంచి ముదురాకు పచ్చ దించాను. సైజు అడిగితే రెండు-ఆరు అంది. ఆ చేతులు చూస్తే రెండు-పది కూడా ఆలోచించి ఎక్కేట్టున్నాయి.

“పెండ్లినాటి నుంచి రెండు-ఆరే ఏస్కుంటున్న. నాకు సెప్తవా?”

“చెప్పనమ్మా. రెండు-ఆరే,” అన్నాను. బోణీకి ముందు చేతిని కూడా కాదనకూడదు.

సబ్బు తడిపి ఆవిడ చేతికి రాసి, పిడికిలి నొక్కి, గాజును మెల్లగా ఎక్కించడం మొదలుపెట్టాను. మోచేతిదాకా నాకు నురగ. వెనక బల్ల మీద శ్రీహిత ఫోన్‌తో కుస్తీ పడుతోంది. నా మాట తీసేయలేక ఎవ్వరినీ బ్లాక్ చేయకుండా, పట్టీ జారినప్పుడల్లా వేలు తప్పించుకుంటూ, కుక్కలున్న సందులో నడిచినట్టు నడిపిస్తోంది. ఒక్కో అక్షరం కొట్టి ఆగుతుంది. పట్టీ వస్తుంది, పోతుంది. మరో అక్షరం.

“డాడీ, పేజీ తెరుచుకుంది!” అని అరిచింది. పన్నెండూ ముప్పై రెండు.

“శబాష్!” అన్నాను. గాజు మాణిక్యమ్మ బొటనవేలి ఎముక దగ్గర ఆగింది.

“అంకెలొచ్చినయ్! ఆరు అంకెలు! నాలుగు, తొమ్మిది...”

అంతే. ఆ అంకెల మీదికి ‘పెళ్లి కాలేదా?’ అంటూ ఒక పట్టీ జారింది. వేలు పడింది. తెర ఎర్రబడింది. అంబులెన్సులా ఒక కూత మొదలై, ‘మీ ఫోన్‌లో పదమూడు వైరస్‌లు’ అని దండోరా వేసింది. మాణిక్యమ్మ అదిరిపడి చెయ్యి గుంజుకుంటే సబ్బు నా కళ్లజోడు మీద చిందింది.

“గదేంది? అగ్గంటుకున్నదా?”

“ఏం లేదు... ఏం నిండుకోలేదమ్మా, ఫోనే,” అన్నాను. భాష కూడా జారుతోంది.

శ్రీహిత వెనక్కి నొక్కింది, వెనక్కి నొక్కింది, వెనక్కి నొక్కింది. నూనె, ప్లాటు, పేక, పెళ్లి. కొట్టిన వివరాలన్నీ పోయాయి. కంగారులో పక్క మీట నొక్కుకుని తెర నల్లబడి, ఫోన్ తాళం వేసుకుంది.

“ఏలు పెట్టు డాడీ!”

నా బొటనవేలు పెట్టాను. సబ్బు. ‘మళ్లీ ప్రయత్నించండి’. షర్టుకు తుడిచాను. షర్టు వానకు తడిసి ఉంది. మళ్లీ పెట్టాను. ఐదుసార్లు పెట్టేసరికి ఫోన్‌కు రోషం వచ్చి ‘ముప్పై సెకన్లు ఆగండి’ అంది. అంకెల తాళం ఒకటి ఉంది గానీ అది మా అబ్బాయి ప్రణీత్ పెట్టాడు, వాడిప్పుడు కాలేజీలో ఏ ల్యాబులో ఉన్నాడో.

పన్నెండూ నలభై.

“అయ్యా, ఈ గాజు గిట్ల మధ్యలున్నది,” అంది మాణిక్యమ్మ చెయ్యి చాపి. “ఎక్కియ్యి. ఎక్కితే రెండు డజన్లు తీస్కుంట.”

రెండు డజన్లు! ఇంకో పది నిమిషాల్లో బోణీ. ఆ గాజు ఎముక దాటడం, మిగతావి ఎక్కడం, బేరమాడడం, పైసలు కళ్లకద్దుకోవడం. ఆ తర్వాత నూట నలభై మందినీ దర్జాగా తరిమేయొచ్చు. పది నిమిషాలు పోతే పన్నెండూ యాభై. యాభైకి మొదలుపెడితే... లెక్క సరిపోతోంది. లెక్క సరిపోతోందని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. శ్రీహిత వైపు చూశాను.

అమ్మాయి ఫోన్‌ను బల్ల మీద పెట్టేసింది. నన్ను అడగడం మానేసింది. ఫైలు జిప్పు లాగి మూసింది, మళ్లీ తెరిచింది, మళ్లీ మూసింది. లోపల పైనే పోయిన ఏడాది మార్కుల కాగితం.

“అమ్మా,” అన్నాను మాణిక్యమ్మతో. “లేదు.”

“ఏంది లేదు?”

“బేరం లేదు. గాజులు లేవు. దుకాణం మూసిన.”

ఒక్క ఊపిరిలో మూడు. గొంతు నాదే అయినా ఎవరో వెనక నుంచి తోసినట్టు వచ్చాయి. బాపు ఫొటో వైపు చూడలేదు, చూస్తే మూడోది వచ్చేది కాదు.

మాణిక్యమ్మ లేచి నిలబడింది. “గిదేం దుకాణమయ్యా! సగం చేతిల గాజు పెట్టి మూసిన అంటవ్? మొగోనివేనా? జల్‌పల్లి నుంచి వానల పడి వస్తే...”

“ఆంటీ,” అంది శ్రీహిత, “నా సీటు ఒంటిగంటకు పోతది. ఫోన్ డాడీ ఏలుకే తెరుచుకుంటది. డాడీ ఏలుకు నీ సబ్బుంది.”

మాణిక్యమ్మ తిట్టు మధ్యలో ఆగిపోయింది. నన్ను చూసింది, అమ్మాయిని చూసింది, ఫోన్‌ను చూసింది.

“ముందు సెప్పొద్దా! గాజులెక్కిచ్చుకుంట కూసున్నవ్, తండ్రివా, తమాషగానివా?” అని, నడుము దగ్గర పొడిగా ఉన్న కొంగు లాగి, నా బొటనవేలు పట్టుకుని, గిన్నె తోమినట్టు తోమింది. చర్మం ఒక పొర తక్కువైందని నా అనుమానం. “పెట్టు ఇప్పుడు!”

పెట్టాను. తెరుచుకుంది.

శ్రీహిత రెండు నొక్కుల్లో ఆ జాబితా దగ్గరికి తీసుకెళ్లింది. నూట నలభై పేర్లు. మోకాళ్లు, వెండి, పేక, పెళ్లి, నూనె, ప్లాట్లు. ఎన్నో పొద్దుల్లో నా గుమ్మంలోకి పిలిచి కూర్చోబెట్టినవాళ్లు. కింద, అందరినీ ఒకేసారి తీసేసే మీట.

“నొక్కాల్నా?”

“ఇటియ్యి. నేనే నొక్కుత.”

నొక్కాను. ‘ఖచ్చితంగానా?’ అని అడిగింది.

“ఖచ్చితంగ!” అని అరిచాను. స్తంభం మీంచి డానియేలు “ఏంది భాయ్?” అన్నాడు.

పన్నెండూ నలభై ఎనిమిది. అమ్మాయి సైటు పేరు మొదటి నుంచి కొట్టింది. పట్టీ జారలేదు. పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబరు. ‘నేను రోబోను కాదు’ అని ఒప్పుకోమంది. నా నోటి మూడు కాక ఇది నాలుగోది, అదీ ఒప్పుకున్నాం. నమ్మకుండా బస్సులున్న బొమ్మలు చూపించమంది. మాణిక్యమ్మ మా భుజాల మధ్యనుంచి తల దూర్చి “గా మూలకున్నది బస్సే బిడ్డా, సగమే కనవడ్తున్నది,” అంది. ఆవిడ లేకపోతే మేము రోబోలమే.

అంకెలు వచ్చాయి. ఆరు, వాటి మీద ఎవరి నీడా లేకుండా. శ్రీహిత కొట్టింది. ‘నేను చేరుతున్నాను’ అనే గడి నొక్కింది. తెర మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలైంది.

తిరుగుతోంది. వాన రేకుల మీద వాయిస్తోంది. పన్నెండూ యాభై నాలుగు. శ్రీహిత గోళ్లు నా మోచేతిలో దిగాయి. తిరుగుతోంది. యాభై ఐదు. ఫోన్‌ను గుమ్మం దగ్గరికి పట్టుకెళ్లాను, సిగ్నల్‌కు దారి ఇచ్చినట్టు. “కదిలియ్యకు!” అని ఇద్దరాడవాళ్లూ ఒకేసారి అరిచారు. చెయ్యి చాపి వానలో బొమ్మలా నిలబడ్డాను. తిరుగుతోంది. యాభై ఏడు. చక్రం ఆగింది. తెల్లగా అయింది. నా గుండె కూడా తెల్లగా అయింది.

తర్వాత పచ్చటి టిక్కు పడింది. ‘మీ ప్రవేశం నమోదైంది.’ కింద సమయం: పన్నెండు గంటల యాభై ఏడు నిమిషాలు.

శ్రీహిత ఏడవలేదు, నవ్వలేదు. అరుగు మీద చతికిలబడి, “ఒక్కసారి మళ్ల చదువు డాడీ,” అంది. చదివాను. “ఇంకోసారి.” చదివాను. మూడోసారి మాణిక్యమ్మ “నాకు సదువు రాదు గని, గా పచ్చది మంచిదేనా?” అని అడిగింది.

“మంచిదే ఆంటీ. సీటు వచ్చింది.”

“ఏం సదువు బిడ్డా? డాక్టరా?”

“పశువుల డాక్టర్.”

మాణిక్యమ్మ చేతికున్న సగం గాజును తనే గుంజి తీసి నా బల్ల మీద పెట్టేసింది, అసలు గిరాకీ ఇప్పుడే మొదలైనట్టు అరుగు మీద అమ్మాయి పక్కన కూర్చుంది.

“మా ఇంట్ల రెండు బర్లున్నయి. పెద్దది మూడొద్దుల నుంచి మ్యాత ముడుతలేదు. సూడిది. నీళ్లు తాగుతది, మ్యాత కాడికొచ్చి వాసన జూసి పోతది. ఎందుకు?”

శ్రీహిత మొహం తుడుచుకుంది. “ఎన్ని నెలల సూడి?”

“తొమ్మిది దాటింది.”

“నెమరేస్తున్నదా?”

“జర జర.”

నేను పక్కన నిలబడి, ఏదో ఒకటి చెప్పు బిడ్డా, మొదటి మనిషి, నోరు తెరిచి అడిగింది, అని లోపల కొట్టుకుంటున్నాను. ఏ బెల్లమో, ఏ వామో. మా వంశంలో ఎవరైనా ఏదో ఒకటి చెప్పి పంపేవాళ్లే.

“నాకు తెల్వదు ఆంటీ,” అంది శ్రీహిత. “నేను ఇంక నేర్చుకోలె. ఐదున్నరేండ్లు పడ్తది. ఇయ్యాల్నే పశువుల దవాఖానకు తీస్కపో, సూడిది గద, ఆగొద్దు.”

మాణిక్యమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది.

“నా ఎరుకల తెల్వదని సెప్పిన డాక్టర్ని నిన్నే జూసిన,” అని గొడుగు తెరిచి వానలోకి దిగింది.